అన్నయ్య చేతిగీత

పాలు పొంగే చప్పుడు వినపడదు కాబట్టి మిల్లక్క గిన్నె ముందు నుంచి కదలదు. నురగ అంచుకు చేరేదాకా చూస్తూ నిలబడుతుంది. మధ్యమధ్య ఎవరైనా వెనక మాట్లాడుతున్నారేమోనని తల తిప్పుతుంది. ఆ పొద్దున తల తిప్పేసరికి భర్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏదో అడిగి జవాబు కోసం చూస్తున్న ముఖం. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"ఆ," అంది ఆమె.

"ఆ ఏంటి? నీలం చొక్కానా తెల్లదా అనడిగితే ఆ అంటావ్?"

"తెల్లది వేసుకోండి."

అతను పెదవి విరిచి వెళ్లిపోయాడు. ఆమె పొయ్యి కట్టేసి, గట్టు పట్టుకుని కాసేపు నిలబడింది. ఇలాంటివి రోజుకు నాలుగైదు గండాలు. ఒక్కటి దాటితే చాలు, గుండె మళ్లీ తన పని తాను చేసుకుంటుంది. ఇంకోటి వచ్చేదాకా.

చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు గోడ గడియారం ఆగిపోయిందనుకుంది. తరవాత పంకా కిర్రుమనడం మానేస్తే, భర్త బాగు చేయించాడు కాబోలు, చెప్పనైనా చెప్పలేదు అనుకుంది. ఒకనాడు పంకా కింద పడుకున్న ఆడపడుచు, "దీని మోతకి నిద్రెలా పడుతుంది వదినా" అంటే, ఆమె పెదాలు చూసి అర్థం చేసుకుని, పక్క మీద లేచి కూర్చుంది. ఆ రాత్రి నుంచి మొదలైంది భయం. అది ఇంట్లో ఓ మనిషిలా తిరుగుతూనే ఉంది.

దారాల మిల్లులో మాత్రం భయం తక్కువ. అక్కడ నూలు వడికే ఫ్రేముల మోతలో ఎవరికీ ఎవరి మాటా వినపడదు. అందరూ సైగలతో, పెదాలతోనే మాట్లాడుకుంటారు. పెళ్లిసంబంధాలూ, అత్తల మీద చాడీలూ, మేస్త్రీ బట్టతల మీద జోకులూ అన్నీ వేళ్లతోనే. పాతికేళ్లుగా ఆమె ఆ మోతలో ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు నడుస్తూ, తెగిన దారాలు అతుకుతూ, నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెడుతూ బతికింది. చెవులను తిన్నది ఆ మోతే. ఇప్పుడు వాటి సంగతి బయటపడకుండా కాపాడుతున్నదీ అదే.

ఆ రోజు మాత్రం మిల్లు కూడా కాపాడేలా లేదు. కార్మికులందరికీ చెవి పరీక్ష అని గేటు దగ్గర బోర్డు పెట్టారు. చెవులు బాగోలేనివాళ్లను ఫ్రేముల దగ్గర ఉంచకూడదని కొత్త నియమం వచ్చిందట. ఉంచకపోతే ఎక్కడ ఉంచుతారో బోర్డు మీద లేదు.

పక్క ఫ్రేము పొడుగమ్మాయి కణతల దగ్గర వేలు తిప్పి, 'ఏమైంది, ముఖం అలా ఉంది' అని సైగ చేసింది.

'నిద్ర లేదు' అని చెయ్యి చెంపకు ఆనించి చూపించింది మిల్లక్క.

పరీక్ష సామాను గదిలో. పెట్టెల మధ్య కుర్చీ వేసి, చెవులకు నల్లటి డిప్పలు తగిలించి, చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. పరీక్ష చేసే డాక్టరమ్మ చిన్న పిల్ల. బల్ల దగ్గర అటువైపు తిరిగి కూర్చుంది. మిల్లక్క చెవుల్లో ఏమీ లేదు. నూతిలోకి చూసినట్టుంది. దేవుడా అనుకుంటూ కళ్లెత్తేసరికి ఎదురుగా అద్దాల బీరువా కనిపించింది. అద్దంలో డాక్టరమ్మ చెయ్యి. ఆ చేతి వేలు ఒక బొత్తాం మీద ఆనినప్పుడల్లా మిల్లక్క తన మీట నొక్కింది. వేలు ఆనడం, నొక్కడం. వేలు ఆనడం, నొక్కడం. తెగిన దారాన్ని దూరం నుంచి పట్టే కళ్లు అవి. వేలు తప్పిపోవడమన్నది లేదు.

చివర్లో డాక్టరమ్మ డిప్పలు తీస్తూ, తల వంచుకుని ఏదో అంది. జుట్టు ముఖం మీద పడి పెదాలు కనపడలేదు. మిల్లక్క తలూపింది. డాక్టరమ్మ తలెత్తి ఆమె వైపు ఒక్క క్షణం చూసి, మళ్లీ ఏదో అని, తరవాతి మనిషిని పిలిచింది. రెండోసారి కూడా మిల్లక్క తలూపింది.

ఇక ఆ రోజంతా అదే గుబులు. దేనికి తలూపింది? ఏ మాటకు ఒప్పుకుంది? దారం అతుకుతుంటే వేళ్లు తడబడ్డాయి. మేస్త్రీ అటుగా వస్తే, తన కోసమే వస్తున్నాడని ఫ్రేము చాటుకు జరిగింది. అతను దాటి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు. మళ్లీ వెళ్లిపోయాడు.

షిఫ్టు అయ్యాక గేటు దగ్గర పొడుగమ్మాయి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ముఖంలో ముఖం పెట్టి, పెదాలు బాగా కదుపుతూ చెప్పింది. "అక్కా, పరీక్షలో నీ వెనక గుమ్మంలో నేనే ఉన్నా. ఆ పిల్ల ఏమందో తెలుసా?"

"ఏమంది?"

"'చివర్లో నేను ఉత్తినే వేలు పెట్టానండీ, చప్పుడు లేదు, అయినా నొక్కారు. మీకు బొత్తిగా వినపడటం లేదు కదా' అంది. నువ్వు గంగిరెద్దులా తలూపావు."

మిల్లక్క గేటు ఊచ పట్టుకుంది. "రెండోసారి?"

"'ఇవాళ ఇంట్లో చెప్పి, రేపు మీ ఆయన్ని వెంటబెట్టుకు రండి, మందో మిషనో చూద్దాం, అప్పటిదాకా మేస్త్రీకి చెప్పను' అంది. దానికీ ఊపావు." పొడుగమ్మాయి చెయ్యి వదల్లేదు. "నాకైనా చెప్పొద్దా అక్కా? పక్క పక్కనే చస్తున్నాం కదా రోజూ."

"చెబితే నిజమైపోతుందని," అంది మిల్లక్క.

ఇంటికి నడిచే దారి ఆమెకు బాగా తెలిసిన దారే. అయినా రోడ్డు దాటేటప్పుడు అటు చూసి, ఇటు చూసి, మళ్లీ అటు చూస్తుంది. ఆ సాయంత్రం మనసు మనసులో లేదు. సగం రోడ్డులో ఎందుకో ఒళ్లు జలదరించి వెనక్కి తిరిగితే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో లారీ ముందుభాగం ఉంది. పైన డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వచ్చి నోరు తెరిచి అరుస్తున్నాడు. రోడ్డు మీద వాళ్లందరూ ఇటే చూస్తున్నారు. ఆమెకు మాత్రం అద్దం అవతల చేప నోరు తెరిచినట్టే ఉంది. దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంది.

ఇల్లు చేరేసరికి భర్త నడిపే స్కూలు వ్యాను గుమ్మం ముందు ఆపి ఉంది. అతను డాబా మీద ఉన్నాడు. రాగి తీగ ఒక కొస నీళ్ల ట్యాంకు గొట్టానికి కట్టి, రెండో కొస మెట్లగది మీద నిలబెట్టిన వెదురుకు కట్టబోతున్నాడు. ఇవాళ పూర్తి చేస్తానని వారం నుంచి మాటిస్తున్నాడు.

ఆ తీగ రేడియోకు ఏరియల్, అన్నయ్యతో మాట్లాడటం కోసం. మిల్లక్క అన్నయ్య ఓడల్లో రేడియో ఆపరేటరుగా చేసి విరమించినవాడు. చిన్నప్పుడు అన్నం పళ్లెం మీద చెంచాతో చుక్కలూ గీతలూ కొట్టి చెల్లెలికి మోర్స్ భాష నేర్పాడు. ఒక పొట్టి దెబ్బ చుక్క, ఒక సాగిన దెబ్బ గీత. అమ్మ, "అన్నం ముందు ఆ దరువేంట్రా" అని మొట్టేది. పెద్దయ్యాక పట్టుబట్టి చెల్లెలి చేత పరీక్ష రాయించి, రేడియోలో మాట్లాడేందుకు లైసెన్సు కూడా తెప్పించాడు. పెళ్లి, మిల్లు, బతుకు వచ్చి పడి అది మూలపడింది. నిరుడు అన్నయ్యకు గొంతులో గడ్డ అని ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఆమె తన చెవుల సంగతి చెప్పుకున్నది ఒక్క అతనికే. చెప్పిన వారానికి పార్సిల్ వచ్చింది. అరచేతిలో పట్టేంత నల్ల రేడియో పెట్టె, చుక్కలూ గీతలూ కొట్టేందుకు చెక్కకు బిగించిన ఇత్తడి మీట. ఫోన్లో ఒక సందేశం: 'నీకు వినపడక్కర్లేదు. ఇది కనపడుతుంది.'

నిజంగానే కనపడింది. స్కూలువాళ్లు పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్‌ను భర్త అడిగి తెచ్చాడు. అన్నయ్య ఫోన్లో రాసినట్టే ఆమె సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పెట్టెను తగిలించింది. మొదటి రోజు తెర నల్లగా ఉండిపోయింది. రెండో రోజు వైరు ఇంకో రంధ్రంలో పెట్టి చూస్తే, తెర మీద నీలం నీళ్లు పై నుంచి కిందికి జారడం మొదలుపెట్టాయి. గాల్లో ఉన్న చప్పుళ్లన్నీ ఆ నీళ్లలో పసుపుపచ్చ చారలు. ఎవరో ఎక్కడో మాట్లాడితే అక్కడ తెట్టెలా తేలుతుంది. ఎవరో మీట కొడితే పొట్టి చారలు, పొడుగు చారలు వరస కట్టి కిందికి దిగుతాయి. జారే వేగం పెంచుకుంటే ఒక్కో చుక్కా విడివిడిగా చదవచ్చు. వాటిని అక్షరాలుగా మార్చి చూపించే సదుపాయమూ ఉంది. ఆమె దాన్ని ఆపేసింది.

"ఫోన్లో రాసుకోవచ్చుగా ఇద్దరూ? ఇంత తతంగమెందుకు?" అని భర్త అడిగాడు ఒకసారి.

ఫోన్లో అక్షరాలు ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి. అన్నయ్య మీట కొడితే చివరి గీత కాస్త సాగుతుంది, అరుగు మీంచి లేవబోయి మళ్లీ కూర్చున్న మనిషిలా. కిటికీకి చిన్న తీగ వేలాడదీసి వారం రోజులుగా అతన్ని చదువుతోంది. రోజూ దీపాలు పెట్టే వేళకు అతను తెర మీదికి వచ్చి ఆమెను పిలుస్తాడు, కబుర్లు చెబుతాడు, వెళ్లిపోతాడు. ఆమె జవాబివ్వలేదు. ఆ చిన్న తీగతో తిరిగి పంపితే పెట్టె కాలిపోతుందని అన్నయ్య హెచ్చరించాడు. అందుకే ఈ పెద్ద తీగ.

ఆమె చెప్పులు విడవకుండానే డాబా ఎక్కింది. భర్త పిట్టగోడ మీద ఒక కాలు పెట్టి వెదురుకు ముడి వేస్తున్నాడు. అతను జారితే తనకు కేక వినపడదు. ఆ తలపు రాగానే ఆమె వెళ్లి అతని చొక్కా కొస పట్టుకుంది.

"ఏంటిది?"

"పడతారని."

"పడితే నా చొక్కా చింపి చేతిలో పెట్టుకుంటావు. వదులు."

ఆమె వదల్లేదు. అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి దిగాడు.

"నాకు చెవులు వినపడవు," అంది ఆమె. ఇంకేమీ ముందూ వెనకా లేకుండా. "మీరు ఎదురుగా ఉంటే పెదాలు చూసి చెబుతున్నా. వెనక నుంచి పిలిస్తే తెలీదు. రేపు మిల్లుకి నాతో రావాలి."

అతను తీగ చుట్ట కింద పెట్టాడు. తలపాగా తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు దాటింది."

"పిలిస్తే పలకవు. అడిగిందొకటైతే చెప్పేదొకటి. నా మీద మనసు విరిగిపోయిందనుకున్నా." అతను ఆ మాటలు ఎటో చూస్తూ అనబోయి, గుర్తొచ్చి, ఆమె వైపు తిరిగి మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. "నేనేం తప్పు చేశానా అని తల బద్దలు కొట్టుకున్నా. చెప్పొచ్చుగా?"

ఆమె ఇన్నాళ్లూ తన భయాన్ని కాపలా కాసుకుంటూ కూర్చుంది. పక్కన ఇంకో మనిషి ఇంకో భయంతో రెండేళ్లు తిరిగాడన్న సంగతే తట్టలేదు.

"పద," అన్నాడు చివరికి. "బావ వచ్చే వేళయింది. చూద్దాం, నీ తీగ పలుకుతుందో లేదో."

కిందికి వచ్చి వైరు కిటికీలోంచి లోపలికి లాగి పెట్టెకు బిగించారు. తెర మీద నీళ్లు ఇంతకు ముందుకన్నా నిండుగా, ఎక్కడెక్కడి చారలతోనో జారాయి. ఆమె మీట మీద వేలు పెట్టింది. పాతికేళ్లు దారం అతికిన వేలు. తప్పు కొడితే? పెట్టె కాలిపోతే? అన్నయ్యకు అందకపోతే?

ఇంతలో తెర మధ్యలో సన్నటి చార మొదలైంది. చుక్క, గీత, గీత. చివరి గీత కాస్త సాగి.

"వచ్చాడు," అంది.

అన్నయ్య పిలవడం అయ్యేదాకా ఆగి, ఆమె నొక్కింది. నెమ్మదిగా, బడిలో పలక దిద్దినట్టు. 'అన్నయ్యా. నేనే.'

తెర ఖాళీగా జారింది. తరవాత చారలు ఒకదాని మీద ఒకటి పడుతూ, పరుగులాంటి తొందరతో వచ్చాయి. 'బుజ్జీ. వచ్చావా. చెయ్యి ఏం మారలేదే. ఇప్పటికీ చుక్కలు మింగేస్తావు.'

ఆమె చదివి పైకి చెబుతుంటే భర్త నవ్వాడు. ఇవాళ ఇంట్లో చెప్పేశానని ఆమె పంపింది. అన్నయ్య కొంచెం ఆగి రాశాడు. 'మంచి పని. నువ్వు చెవిటిదానివి, నేను మూగవాణ్ణి. మీ వదిన ఒక్కత్తికే అన్నీ ఉన్నాయి. తిక్కతో సహా.' మధ్యలో ఒకచోట చారలు ఎడం ఎడంగా పడ్డాయి. ఆయాసమేమో. ఈ మధ్య మెట్లెక్కితే రొప్పుతున్నాడని వదిన ఫోన్లో రాసింది. ఆమె, 'అలసిపోతే ఆపు' అని పంపింది. 'అలుపు లేదు. ఇక్కడ వాన వచ్చేలా ఉంది. వదిన బట్టలు తీయడానికి పైకి వె'

అక్కడ ఒక గీత మొదలైంది.

సాగుతోంది. అన్నయ్య గీతలు సాగుతాయి. ఇది ఇంకా సాగుతోంది. మీట నొక్కిపెట్టి పెట్టెను సరిచూసుకుంటున్నాడేమో, ఆపరేటర్లు అలా చేస్తారు. కానీ మాట మధ్యలో ఎవరూ చెయ్యరు. పసుపుపచ్చ గీత తెర సగందాకా దిగింది. ఒక్క చోట కూడా తెగకుండా, కింది అంచు చేరింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు భర్త.

"ఏమీ అనట్లేదు. మీట మీంచి చెయ్యి తియ్యట్లేదు."

ఆమె తన మీట నొక్కింది. 'అన్నయ్యా. చెయ్యి తియ్యి.' అవతల మీట కింద ఉన్నంతసేపూ ఇవతల నుంచి పంపింది ఏదీ అతనికి చేరదని తెలుసు. తెలిసీ మళ్లీ కొట్టింది. మళ్లీ కొట్టింది.

"వదినకి ఫోన్ చెయ్యండి. త్వరగా."

భర్త ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఆమె కళ్లు అతని పెదాల మీదికీ తెర మీదికీ తిరుగుతున్నాయి. పెదాలు కదలడం లేదు. ఎవరూ ఎత్తడం లేదు. వదిన డాబా మీద ఉంటుంది, ఫోన్ వంటింట్లో ఉంటుంది. మళ్లీ చేశాడు. గీత దిగుతూనే ఉంది. మళ్లీ చేశాడు. అప్పుడు పెదాలు కదిలాయి.

"అక్కయ్యా, నేనే. బావ గదిలోకి ఒక్కసారి వెళ్లి చూడండి. ఏం లేదు, ఊరికే. ఫోన్ పెట్టకండి."

ఆమె తెర వైపు తిరిగింది. వదిన ఇప్పుడు వంటింట్లోంచి వసారాలోకి వచ్చి ఉంటుంది. తడి బట్టలు చేతి మీద ఉంటాయి. వసారా దాటి, గది తలుపు తోసి.

గీత తెగింది.

"తీశాడు!" అంది ఆమె. గబగబా మీట అందుకుంది. 'అన్నయ్యా. భయపెట్టావు కదరా. ఏమైంది?' కొట్టి, చెయ్యి తీసి చూసింది.

నీలం నీళ్లు ఖాళీగా జారాయి. ఆ పొడుగాటి గీత తోక కూడా కింది అంచు దాటి వెళ్లిపోయింది. పైన ఇంకేమీ పుట్టలేదు.

తల తిప్పింది. భర్త గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఫోన్ చెవి దగ్గరే ఉంది. మెడ వెనక నరం కదలడం మాత్రం కనపడుతోంది. అతను ఏదో అంటున్నాడు, అవతల ఎవరో ఏదో అంటున్నారు, ఆ గదిలో ఆమె ఒక్కతే ఏమీ లేని చోట ఉంది.

ఆమె లేచి వెళ్లి అతని భుజం పట్టుకుంది.

"ఇటు తిరిగి చెప్పండి."

అతను వెంటనే తిరగలేదు. తిరిగాక కూడా కాసేపు పెదాలు కలిపే ఉంచాడు. తరవాత ఆమెకు తెలిసేలా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు.

"బల్ల మీదికి ఒరిగిపోయాడట. మీట మీద ఉన్న చెయ్యి అక్కయ్యే తీసిందట."

ఆమె అతని పెదాలనే చూస్తూ ఉండిపోయింది, ఇంకా ఏదో మాట మిగిలి ఉందన్నట్టు. అతను తల అడ్డంగా ఊపాడు.

తరవాత జరిగినవన్నీ చేతులు చేసిన పనులే. సంచిలో రెండు చీరలు, అతని చొక్కా. కిటికీ మూయడం. పక్కింటి ఆవిడకు చెప్పడం భర్త చూసుకున్నాడు. ఆవిడ వచ్చి మిల్లక్క ముందు నిలబడి చాలా మాటలు అంది. పెదాలు చదివే ఓపిక ఆమెకు లేకపోయింది. పొడుగమ్మాయికి ఫోన్లో ఒక ముక్క రాసింది, రేపు రావడం లేదని, డాక్టరమ్మకు చెప్పమని.

వ్యాను తాళాలు తీసుకుని భర్త గుమ్మంలో ఆగాడు. బల్ల వైపు చూపించాడు.

"కట్టెయ్యనా?"

"ఉండనివ్వండి," అంది ఆమె.

తలుపు మూసి తాళం వేశారు. చీకటి పడిన గదిలో తెర మీద నీలం నీళ్లు ఏ చారా లేకుండా జారుతూనే ఉన్నాయి. ఆ వెలుగులో బల్ల మీద చెక్కకు బిగించిన ఇత్తడి మీట, ఆమె వేలి చెమట మరక ఇంకా ఆరకుండా.